డిస్ట్రో ఎంచుకునే ముందు అప్‌డేట్ల సంగతి చూడండి

అందరికీ నమస్కారం. ఈ రోజు నాకిచ్చిన విషయం, మామూలు వాడకానికి ఏ లినక్స్ మంచిది అని. ఈ ప్రశ్న అడగ్గానే పేర్లు వచ్చి పడతాయి. ఒకరు ఉబుంటు అంటారు, ఇంకొకరు మింట్ అంటారు, వెనక నుంచి ఎవరో ఆర్చ్ అంటారు, అడిగినవాళ్ళు మాత్రం అడిగిన చోటే ఉండిపోతారు. నేనూ పేర్లు చెప్తాను, దాటవేయను. కానీ ముందు ఒక సంగతి చెప్పాలి. తెర మీద మెనూ ఎక్కడుంది, ఐకాన్లు ఎలా ఉన్నాయి, రంగులు ఏంటి, ఇవన్నీ ఏ డిస్ట్రోలోనైనా, అంటే ఇలా పేరుపేరునా దొరికే ఏ లినక్స్‌లోనైనా, మార్చుకోవచ్చు. మీ చేతిలో లేనిది ఒక్కటే, ఆ డిస్ట్రోకి అప్‌డేట్లు వచ్చే పద్ధతి. ఎన్నాళ్ళకోసారి వస్తాయి, వచ్చినప్పుడు ఎంత మారుతుంది, మారి చెడిపోతే వెనక్కి వెళ్ళే దారి ఉందా. ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏ లినక్స్ అయినా బాగానే ఉంటుంది, ఏడాది తర్వాత ఎలా ఉందన్నదే లెక్క.

మామూలు వాడకం అంటే నా దృష్టిలో బ్రౌజర్, మెయిల్, వీడియో కాల్స్, పీడీఎఫ్‌లు, ఆఫీసు ఫైళ్ళు, ఫొటోలు, అప్పుడప్పుడు ఒక ప్రింటవుట్. కంప్యూటర్‌తో పని ఉన్నవాళ్ళే తప్ప కంప్యూటర్‌నే పనిగా పెట్టుకున్నవాళ్ళు కాదు. ఇప్పుడు ఇలాంటివాళ్ళు లినక్స్ వైపు చూడటానికి కారణం కూడా తెలిసిందే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలంటుంది, ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లని చాలావరకు ఒప్పుకోదు. దాంతో ఏ లోపమూ లేని ల్యాప్‌టాప్‌లు ఎన్నో మూలన పడే పరిస్థితి వచ్చింది. వాటికి ఇంకో ఐదారేళ్ళ జీవితం ఇవ్వగలిగేది లినక్సే అని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు డిస్ట్రో అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్దాం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, అన్నిటికీ ఒకటే. దాని మీద ఉండే వేలాది ప్రోగ్రాముల్లో ఏవి పెట్టాలి, ఏ వెర్షన్ పెట్టాలి, ఎప్పుడు మార్చాలి, ఎన్నేళ్ళు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వాలి అని కూర్చుని నిర్ణయించే మనుషులు ఉంటారు కదా, ఆ నిర్ణయాల మూటే డిస్ట్రో. మీరు ఎంచుకునేది నిజానికి ఆ మనుషుల పద్ధతిని.

ఈ పద్ధతులు మోటుగా మూడు రకాలు. మొదటిది డెబియన్ దారి. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. సుమారు రెండేళ్ళకోసారి ఒక స్టేబుల్ విడుదల వస్తుంది, దానికి ముందు నెలల తరబడి అన్నీ ఫ్రీజ్ చేసి తప్పులు ఏరుతారు, విడుదలయ్యాక ఇక వెర్షన్లు దాదాపు మారవు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే విడుదల), లినక్స్ మింట్ కూడా ఈ దారిలోనివే. రెండోది ఫెడోరా దారి, ఆర్నెల్లకోసారి కొత్త విడుదల, ఒక్కోదానికి సుమారు 13 నెలల సపోర్ట్. మూడోది రోలింగ్, అంటే విడుదలలంటూ ఏమీ ఉండవు, కొత్త వెర్షన్ రాగానే కొద్దిపాటి పరీక్ష తర్వాత మీ మెషిన్‌లోకి వచ్చేస్తుంది. ఆర్చ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ ఈ రకం.

మొదటి రకం గురించి జనంలో ఒక అపోహ బాగా ఉంది. డెబియన్‌లో ఏదైనా ప్రోగ్రాం వెర్షన్ నంబర్ చూసి, ఇది రెండేళ్ళ క్రితంది, సెక్యూరిటీ ఏం ఉంటుంది అంటారు. అక్కడ జరిగేది వేరు. కొత్త వెర్షన్‌లో ఒక రంధ్రం పూడ్చారనుకోండి, డెబియన్ వాళ్ళు ఆ ఒక్క మరమ్మతునే తీసి పాత వెర్షన్‌కి అతికిస్తారు. నంబర్ పాతదే కనిపిస్తుంది, రంధ్రం మాత్రం పూడిపోతుంది. బ్రౌజర్‌కి మాత్రం ఇది కుదరదు కాబట్టి ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ అనే దీర్ఘకాలిక వెర్షన్‌ని పెట్టి, దాన్ని మారుస్తూ ఉంటారు.

ఈ ఆలస్యం వల్ల లాభం ఏంటో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళు కుదించే చిన్న లైబ్రరీ ఉంది, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే ఒక దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, దూరం నుంచి ఇంకో మెషిన్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి మామూలు కంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేంటని అనుమానం వచ్చి తవ్వుకుంటూ పోతే అది బయటపడింది. అర సెకను! ఆయన పట్టించుకోకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. అప్పటికే అది టంబుల్‌వీడ్‌లోకి, తర్వాతి విడుదల తయారయ్యే డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా ప్రయోగశాల లాంటి రాహైడ్‌లోకి వచ్చేసింది. ఆర్చ్‌లోకి కూడా వచ్చింది గానీ అక్కడి అమరిక వల్ల అది పనిచేసే దారి లేదు. డెబియన్ స్టేబుల్, అప్పటికి విడుదలై ఉన్న ఉబుంటు ఎల్‌టీఎస్‌లు, వాటి మీద కట్టిన మింట్ వీటి దాకా అది రానేలేదు. రోలింగ్ వాళ్ళు అజాగ్రత్తపరులని నేను అనను, వాళ్ళు చాలా వేగంగా స్పందించారు కూడా. కాకపోతే కొత్తది ముందు ఎవరి దగ్గరికి వెళ్తుందో, ముల్లు కూడా ముందు వాళ్ళకే గుచ్చుకుంటుంది. మామూలు వాడకందారు ఆ ముందు వరుసలో నిలబడాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

ఇప్పుడు పేర్లలోకి వద్దాం.

ఉబుంటు 2004 అక్టోబర్‌లో మొదలైంది, దాని వెర్షన్ నంబరే విడుదలైన సంవత్సరం, నెల. 24.04 అంటే 2024 ఏప్రిల్. ఇందులో సరిసంఖ్య ఏడాది ఏప్రిల్‌లో వచ్చేవే ఎల్‌టీఎస్, ఐదేళ్ళు ప్యాచ్‌లు వస్తాయి. మిగతావాటికి తొమ్మిది నెలలే. వెబ్‌సైట్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, కొత్త నంబర్ చూసి చెయ్యి అటే పోతుంది. పోనివ్వకండి. ఎల్‌టీఎస్ అని రాసి ఉన్నదే తీసుకోండి. పాత ఎల్‌టీఎస్ నుంచి కొత్త ఎల్‌టీఎస్‌కి మారమని ఉబుంటు కూడా మొదటి రోజే అడగదు, మొదటి పాయింట్ విడుదల (24.04.1 లాంటిది) వచ్చేదాకా, అంటే కొన్ని నెలలు ఆగి అప్పుడే అడుగుతుంది. ఆ ఆగడం మీ మంచికే.

ఉబుంటుతో నాకున్న పేచీ స్నాప్. స్నాప్ అంటే ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థ తెచ్చిన యాప్ ప్యాకేజీ పద్ధతి. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది. మొదట్లో తెరుచుకోవడానికి చాలా సమయం పట్టేది, తర్వాత బాగుచేశారు, ఇప్పుడు వేగం గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. నాకు నచ్చనిది వేరే. మీరు కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో మామూలు పద్ధతిలో ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ చెయ్యమని అడిగినా లోపల నుంచి స్నాప్‌నే తెచ్చి పెడుతుంది. అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. అంతకుముందే క్రోమియం బ్రౌజర్ విషయంలో ఇలాగే చేసినందుకే 2020లో మింట్ 20 విడుదలప్పుడు మింట్ బృందం స్నాప్‌ని మొదటి నుంచే అడ్డుకుంది. కావాలంటే మీరే తలుపు తెరుచుకోవచ్చు, దానంతట అది రాదు.

మింట్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్తవాళ్ళకి నా మొదటి సలహా ఇదే. 2006లో క్లెమాన్ లెఫెబ్వ్ర్ మొదలుపెట్టారు. అడుగున ఉబుంటు ఎల్‌టీఎస్ ఉంటుంది, పైన సినమన్ అనే డెస్క్‌టాప్. కింద ఎడమ మూల మెనూ, కుడి పక్కన గడియారం, విండోస్ నుంచి వచ్చినవాళ్ళకి చెయ్యి తడబడదు. కానీ నేను మింట్ చెప్పేది ఆ రూపం చూసి కాదు. మింట్‌లో కింద ట్రేలో చిన్న డాలు గుర్తు ఒకటి ఉంటుంది, అప్‌డేట్లు ఉంటే అది తెలియజేస్తుంది. మొదటిసారి దాన్ని తెరిచినప్పుడే, సిస్టమ్ స్నాప్‌షాట్లు సెట్ చేసుకోండి అని పైన ఒక పట్టీలో చెప్తుంది. స్నాప్‌షాట్ అంటే సిస్టమ్ ఆ క్షణానికి ఎలా ఉందో అలా దాచిన కాపీ. అక్కడ నొక్కితే టైమ్‌షిఫ్ట్ అనే యాప్ తెరుచుకుంటుంది. ఎక్కడ దాచాలి, రోజుకోసారా, వారానికోసారా, ఎన్ని ఉంచాలి అని అడుగుతుంది. అంతే, రెండు నిమిషాల పని. మొదటి స్నాప్‌షాట్ చాలా చోటు తింటుంది, ఆ తర్వాత మారిన ఫైళ్ళకే చోటు పడుతుంది. ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత సౌండ్ పోయిందనుకోండి, టైమ్‌షిఫ్ట్ తెరిచి నిన్నటి తేదీ మీద నొక్కి రీస్టోర్ అంటే సిస్టమ్ నిన్నటికి వెళ్ళిపోతుంది. డెస్క్‌టాపే రాకపోయినా సరే, ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే అందులో కూడా టైమ్‌షిఫ్ట్ ఉంటుంది, అక్కడి నుంచి అదే పని చెయ్యొచ్చు. ఒక్క హెచ్చరిక, టైమ్‌షిఫ్ట్ మామూలుగా మీ సొంత ఫైళ్ళ జోలికి వెళ్ళదు, సిస్టమ్ ఫైళ్ళనే కాపాడుతుంది. ఫొటోలకి బ్యాకప్ వేరే పెట్టుకోవాల్సిందే.

మింట్‌కి లోపాలు లేవా అంటే ఉన్నాయి. తెర మీద బొమ్మ చూపించే పనికి సినమన్ ఇంకా పాత ఎక్స్11 పద్ధతి మీదే నడుస్తోంది, దాని బదులు వచ్చిన వేలాండ్ ఇందులో ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. మీకు ల్యాప్‌టాప్ తెర ఒక రకం రెజల్యూషన్, పక్కన పెట్టిన మానిటర్ ఇంకో రకం అయితే, ఒకదానిలో అక్షరాలు చీమల్లా, ఇంకోదానిలో దిమ్మల్లా కనిపించే సమస్య రావచ్చు. అలాంటి అమరిక ఉన్నవాళ్ళు కేడీఈ ప్లాస్మా గానీ గ్నోమ్ గానీ, ఈ డెస్క్‌టాప్‌లని వేలాండ్ మీద వాడుకోవడం మేలు. అంటే ఉబుంటు, లేదా ఫెడోరా.

ఫెడోరా సంగతి. 2003లో మొదలైంది, రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ అండ ఉంది. కొత్త టెక్నాలజీ ముందు ఇక్కడే కుదురుకుంటుంది, పని కూడా శుభ్రంగా ఉంటుంది. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో వైఫై, టచ్‌ప్యాడ్ పాత కెర్నల్‌కి దొరక్కపోతే ఫెడోరాలో దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే విడుదల మధ్యలో కూడా కెర్నల్ కొత్తదవుతూనే ఉంటుంది. మరి మామూలు వాడకందారుకి మొదటి సలహాగా ఎందుకు చెప్పను? ఒకటి, ఏడాదికొక్కసారైనా పెద్ద అప్‌గ్రేడ్ చేసి తీరాలి. అప్‌గ్రేడ్ సాఫీగానే జరుగుతుంది, మధ్యలో ఒక విడుదల వదిలేసి దూకొచ్చు కూడా, కానీ పట్టించుకోకుండా వదిలేసే మెషిన్‌కి ఇది సరిపడదు. రెండోది కోడెక్‌లు, అంటే వీడియో, ఆడియో ఫైళ్ళని విప్పి ప్లే చేసేవి. పేటెంట్ల గొడవ వల్ల కొన్ని వీడియో ఫార్మాట్లకి కావాల్సినవి ఫెడోరా పెట్టదు. ఫోన్‌లో హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో తీసిన వీడియో కాపీ చేసుకుని తెరిస్తే ప్లే కాదు. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రిపాజిటరీ (ప్రోగ్రాముల నిల్వ) కలుపుకుంటే అన్నీ వస్తాయి. తెలిసినవాళ్ళకి పది నిమిషాల పని. తెలియనివాళ్ళు మాత్రం లినక్స్‌లో వీడియోలే రావు అనుకుని వదిలేస్తారు, నాకు బాధ అనిపించేది అదే. మింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మల్టీమీడియా కోడెక్‌లు కావాలా అని ఒక గడి ఉంటుంది, టిక్ పెడితే అయిపోతుంది.

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్ళు ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. ఉబుంటు, మింట్‌లలో డ్రైవర్ల కోసం విడిగా ఒక విండో ఉంది, సిఫారసు చేసినదాన్ని ఎంచుకుని ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. కానీ సెక్యూర్ బూట్ (నమ్మకం లేని కోడ్‌ని మెషిన్ మొదలయ్యేటప్పుడే అడ్డుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఎందుకో చెప్పినా ఎవరూ చదవరు, ఏదో ఒకటి కొట్టి ముందుకెళ్తారు. రీస్టార్ట్ చేయగానే నీలం తెర ఒకటి వస్తుంది, ఏదైనా కీ నొక్కండి అని పది సెకన్లు లెక్కపెడుతుంది. విండోస్ నీలం తెర అలవాటైనవాళ్ళకి గుండె జారిపోతుంది, ఏమీ నొక్కరు, అది మామూలుగా బూట్ అయిపోతుంది, డ్రైవర్ మాత్రం లోడ్ కాదు. అక్కడ చేయాల్సింది, కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే అన్నది ఎంచుకుని, కంటిన్యూ, ఎస్, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్, రీబూట్. ఆ డ్రైవర్‌ని నమ్మొచ్చని మీ మెషిన్‌కి మీరు చెప్పడమే అది. తెర పోయింది, రెజల్యూషన్ రావట్లేదు అని వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఆ పది సెకన్లే.

ఆర్చ్ గురించి తక్కువే చెప్తాను. దాని డాక్యుమెంటేషన్ లినక్స్ లోకానికే పెద్ద ఆస్తి, ఏ డిస్ట్రో వాడేవాళ్ళైనా ఏదో ఒకరోజు ఆర్చ్ వికీ తలుపు తట్టాల్సిందే. కానీ అప్‌డేట్ చేసే ముందు వాళ్ళ వార్తల పేజీ చూసి, ఈసారి చేత్తో చేయాల్సిన పని ఏదైనా ఉందా అని తెలుసుకోవడం అక్కడ వాడకందారు బాధ్యత. 2022 ఆగస్టులో, మెషిన్ ఆన్ చేయగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే గ్రబ్ బూట్‌లోడర్‌కి అప్‌డేట్ ఒకటి వచ్చినప్పుడు ఆర్చ్‌లోనూ, దాని మీద కట్టిన ఎండెవర్‌ఓఎస్ లాంటివాటిలోనూ చాలామంది మెషిన్లు బూట్ కాలేదు. సరిచేసుకునే పద్ధతి వెంటనే బయటికి వచ్చింది, చేతనైనవాళ్ళు చేసుకున్నారు. ఆ చేతనైనవాళ్ళలో మీరు ఉంటే ఆర్చ్ మీకు హాయిగా ఉంటుంది. రోలింగే కావాలి కానీ భద్రత కూడా కావాలి అంటే టంబుల్‌వీడ్ చూడండి, అప్‌డేట్‌కి ముందు, తర్వాత దానంతట అదే స్నాప్‌షాట్ తీసుకుంటుంది, చెడిపోతే బూట్ మెనూలోనే పాత స్నాప్‌షాట్ ఎంచుకుని లోపలికి రావచ్చు.

కాలీ లినక్స్ అడిగేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. అది సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్ళ పనిముట్టు. మామూలు డెస్క్‌టాప్‌గా వాడొద్దని కాలీ వాళ్ళ డాక్యుమెంటేషనే చెప్తోంది.

సరే, స్టేబుల్ తీసుకుంటే యాప్‌లు పాతబడిపోతాయి కదా అని ఇక్కడ ఒకరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. పదేళ్ళ క్రితం అయితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఫ్లాట్‌పాక్ అనే యాప్ ప్యాకేజీ పద్ధతి ఉంది. యాప్‌కి కావాల్సిన సరంజామా అంతా దాంతోనే వస్తుంది, అడుగున సిస్టమ్ ఎంత పాతదన్నదానితో పెద్దగా పని లేదు. ఈ యాప్‌లు దొరికే ఫ్లాట్‌హబ్ నుంచి కొత్త లిబ్రేఆఫీస్, కొత్త గింప్ తెచ్చుకోవచ్చు, సిస్టమ్ మాత్రం కదలదు. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఫ్లాట్‌హబ్ ఉంటుంది. దీనికి ఖర్చు డిస్క్ చోటు, ఒక్కోసారి ఒక యాప్ కోసం గిగాబైటు దాకా లాగుతుంది. ఇంకో ఇబ్బంది, ఆ యాప్‌లు గిరి గీసినట్టు ఉంటాయి, ఇంకో డ్రైవ్‌లోని ఫైలు కనిపించట్లేదంటే అనుమతి లేదని అర్థం. ఫ్లాట్‌సీల్ అనే చిన్న యాప్‌తో ఆ అనుమతి ఇచ్చుకోవచ్చు.

పాత మెషిన్‌కి తేలికైన డిస్ట్రో ఏది అని కూడా అడుగుతుంటారు. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న మింట్ బాగుంటుంది, నాలుగు జీబీ ర్యామ్‌కి పర్వాలేదు. కానీ డెస్క్‌టాప్ మార్చి మీరు మిగిల్చేదంతా బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఖర్చయిపోతుంది. హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ఏ డిస్ట్రో మార్చినా రాదు.

తెలుగు టైపింగ్ గురించి కూడా అడగబోతున్నారని తెలుసు. చూపించడానికి ఏ డిస్ట్రోలోనూ ఇబ్బంది లేదు, నోటో ఫాంట్లు ఉంటే వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. రాయడానికి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం, దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకి ఆర్‌టీఎస్ ఉంది.

లినక్స్ ఎవరికి సరిపడదో కూడా చెప్పేస్తాను. ఫొటోషాప్, డెస్క్‌టాప్ ఎంఎస్ ఆఫీస్ తప్పనిసరి అయినవాళ్ళు విండోస్ ఉంచుకోండి. ఆటల విషయంలో 2018లో వాల్వ్ సంస్థ, విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ తెచ్చాక పరిస్థితి చాలా మారింది, అయినా వాలరెంట్ లాంటివి వాటి యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రాం) వల్ల నడవవు. వీటిని దాచిపెట్టి లినక్స్ వేయించడం మంచిపని కాదు, నాలుగు రోజుల్లో వాళ్ళు వెనక్కి పోతారు, మళ్ళీ ఇటు చూడరు.

ఇంట్లో పెద్దవాళ్ళ మెషిన్‌కి, ఎవరూ పక్కన లేని చోట ఏది పెట్టాలి అని ఇంకొక ప్రశ్న. ఇప్పటికి మింటే చెప్తాను, కానీ ఒక కొత్త రకం మీద నాకు చాలా ఆశ ఉంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ, కినోయిట్ లాంటివి. వీటిలో సిస్టమ్ భాగం తాళం వేసి ఉంటుంది, అప్‌డేట్ అంటే ముక్కలు ముక్కలుగా మార్చడం కాదు, మొత్తం సిస్టమ్ కొత్త కాపీ (ఇమేజ్) పక్కన తయారై రీస్టార్ట్‌లో దానిలోకి మారుతుంది. నచ్చకపోతే బూట్ మెనూలో పాతదే ఉంటుంది. స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టే గేమింగ్ మెషిన్‌లో ఉండే స్టీమ్‌ఓఎస్ కూడా సిస్టమ్‌కి ఇలాగే తాళం వేసి ఉంచుతుంది, దాన్ని వాడేవాళ్ళలో చాలామందికి అది ఆర్చ్ మీద కట్టిన లినక్స్ అన్న సంగతే పట్టదు. ఆ స్థాయికి మామూలు డెస్క్‌టాప్ కూడా రావాలి.

ఏది వేసినా ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి చూడండి. వైఫై, సౌండ్, కెమెరా అందరూ చూస్తారు. చూడనిది మూత. మూత వేసి, ఐదు నిమిషాలు ఆగి, తెరవండి. తెర తిరిగి వచ్చిందా, వైఫై మళ్ళీ కలిసిందా చూడండి. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా తేడా చేసేది అదే, ఇన్‌స్టాల్ చేశాక తెలిస్తే అప్పుడు టెన్షన్.

చివరి ప్రశ్న, మింట్ 22 వేసుకున్నాను, తర్వాతి పెద్ద వెర్షన్ వస్తే వెంటనే మారాలా అని. అక్కర్లేదండీ. మింట్ 22కి 2029 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. 22.1, 22.2 లాంటి చిన్నవి అప్‌డేట్ మేనేజర్‌లోంచే వేసుకోండి. పెద్దది వచ్చినప్పుడు కొన్ని నెలలు ఆగి, టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ ఒకటి తీసుకుని, మీ ఫైళ్ళు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఒక సెలవు రోజు చూసుకుని అప్పుడు మొదలుపెట్టండి.